ఈస్టర్ గుడ్లు, కుందేలు, ఈత మట్టలు: ఏ ఆచారం ఎక్కడ పుట్టింది?

హనుమకొండ చదువరి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. పండుగల పుట్టుపూర్వోత్తరాల మీద ఒక్కొక్కరు ఒక్కో చార్టు తయారు చేయాలని బడిలో చెబితే, చీటీల్లో దానికి ఈస్టర్ వచ్చింది. మా అత్తగారివాళ్ళు మూడు తరాలుగా బాప్టిస్టు సంఘంలో ఉన్నవారు, మా పుట్టింటివారు కారు. ఏటా ఈ రోజుల్లో మా మేనమామ కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒకే సందేశం పెడుతుంటాడు: ఈస్టర్ అంటే బబులోను దేవత ఇష్తార్ పేరేనట, గుడ్డు, కుందేలు ఆ దేవత సంతాన చిహ్నాలేనట. అది చూసినప్పుడల్లా మా మామగారు నొచ్చుకుంటారు, జవాబు మాత్రం ఇవ్వరు. ఈసారి అమ్మాయి ఇద్దరినీ అడిగి, రెండు రకాల సమాధానాలు రాసుకొని, ఏది నిజమమ్మా అంటూ నా దగ్గరికి వచ్చింది.

ఇంకొక సందేహం నా సొంతం. నేను ఈ ఇంటికి వచ్చి పద్నాలుగేళ్ళయింది, ఈస్టర్‌కు ఎవరూ గుడ్లకు రంగు వేయగా చూడలేదు, కుందేలు మాట విననే లేదు. నేను చూసినవి ఈత మట్టలు, శుభ శుక్రవారం నాటి ఏడు మాటల ఆరాధన, తెల్లవారుజామున సమాధుల దగ్గర వెలిగించే కొవ్వొత్తులు. వీటి పుట్టుక గురించి ఎవరూ సందేశాలు పంపరెందుకు? తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

పాత మట్టెవాడ

అమ్మా, చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఇష్తార్ సంగతి చూద్దాం. ఆమె మెసొపొటేమియా దేవత, అక్కడి శిల్పాల్లో ఆమె గుర్తులు సింహం, ఎనిమిది కోణాల నక్షత్రం. గుడ్డు, కుందేలు అక్కడ కనిపించవు. రెండు పేర్లకూ ఉన్నది చెవికి తోచే పోలిక మాత్రమే. ఈ పోలికను జనంలోకి తెచ్చినవాడు స్కాట్లాండులోని ఫ్రీ చర్చి పాదిరి అలెగ్జాండర్ హిస్లాప్. కేథలిక్ సంఘం పాటించేవన్నీ బబులోను పూజలేనని నిరూపించడానికి ఆయన 1853లో ఒక కరపత్రం వేసి, 1858లో దానిని పెద్ద పుస్తకంగా పెంచాడు. ఇంగ్లండులో ప్యూరిటన్లు అనే కఠిన ప్రొటెస్టంట్ల పార్లమెంటు 1647లోనే క్రిస్మస్‌తో పాటు ఈస్టర్‌ను కూడా రద్దు చేసింది, హిస్లాప్ వంటి స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ ప్రొటెస్టంట్లకూ పండుగలంటే మొదటి నుంచీ గిట్టదు. అంటే మీ మేనమామగారు క్రైస్తవులను ఇరుకున పెట్టడానికి పంపుతున్న ఆ సందేశం, నిజానికి క్రైస్తవుల్లోనే ఒక వర్గం ఇంకొక వర్గాన్ని తిట్టడానికి తయారుచేసిన సరుకు. ఆ సంగతి ఆయనకు తెలిస్తే సంతోషిస్తారో చిన్నబుచ్చుకుంటారో మరి.

రెండో విషయం పేరు. ఈ పండుగను ఈస్టర్ అని పిలిచేది ఇంగ్లీషువారు, ఓస్టెర్న్ అనేది జర్మన్లు. ఫ్రెంచివారికి పాక్, ఇటలీవారికి పాస్క్వా, స్పెయిన్‌లో పాస్కువా, రష్యాలో పాస్ఖా. ఇవన్నీ యూదుల పెసహ్ పండుగ పేరు నుంచి గ్రీకు, లాటిన్ భాషల మీదుగా నడిచి వచ్చిన రూపాలు. మన తెలుగు బైబిలులో ఉన్న పస్కా కూడా ఆ కుటుంబంలోనిదే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో ఈస్టర్ అని ఉన్నచోట తెలుగులో పస్కా పండుగ అనే ఉంటుంది, గ్రీకు మూలంలో ఉన్న మాట కూడా అదే. కాబట్టి ఈస్టర్ అనే పేరును విప్పితే పండుగ పుట్టుక బయటపడుతుందనుకోవడం, దసరా అన్న మాటకు అర్థం చెప్పి బతుకమ్మ పుట్టుకను తేల్చాననుకోవడం వంటిదే.

ఖని కార్మికుడు

సార్, ఇష్తార్ కాదన్నారు, ఒప్పుకుంటాను. అయినా ఇంగ్లీషు పేరు ఏదో ఒక దేవత నుంచే వచ్చిందని నేనూ చదివాను. పాత పండుగ మీద కొత్త మతం తన పేరు అతికించుకోవడం చరిత్రలో ఎన్నిసార్లు జరగలేదు? మా గోదావరిఖనిలో సమ్మక్క గద్దెల దగ్గర ఇరవై ఏళ్ళ కింద ఉన్న పద్ధతులకూ ఇప్పటి పద్ధతులకూ ఎంత తేడా వచ్చిందో నా కళ్ళతో చూశాను. వసంతకాలం, గుడ్డు, పిల్లలను బాగా కనే జంతువు, వీటిని పక్కపక్కన పెడితే అది పంటల పండుగ కాక మరేమిటి? మీరు పాదిరుల పక్షం మాట్లాడుతున్నారని అనను గానీ, సగం దగ్గర ఆగిపోయారని అంటాను.

పాత మట్టెవాడ

ఖని కార్మికుడు గారు అడగవలసిందే అడిగారు. మీరు చదివిన దేవత పేరు ఎయోస్త్రె. ఇంగ్లండు ఉత్తరాన జారో మఠంలో ఉన్న బీడ్ అనే సన్యాసి 725లో కాలగణన మీద ఒక గ్రంథం రాస్తూ, ఏప్రిల్‌కు సరిపోయే నెలను తమ పూర్వులు ఆ దేవత పేరుతో పిలిచేవారనీ, ఇప్పుడు ఆ నెల పేరుతోనే పస్కా కాలాన్ని పిలుస్తున్నారనీ చెప్పాడు. ఆ దేవతకు సాక్షి ఆ ఒక్క వాక్యం. అందులో గుడ్డు లేదు, కుందేలు లేదు. 1835లో జర్మన్ పండితుడు యాకొబ్ గ్రిమ్ దీనిని పట్టుకొని, జర్మనీలో కూడా ఓస్టారా అనే దేవత ఉండి ఉంటుందని ఊహించాడు. ఊహించాడు అన్న మాటను గమనించాలి, ఎందుకంటే తరువాత రాసినవారు ఆ ఊహను ఆధారంగా చూపిస్తూ పోయారు.

అలాగని ఎయోస్త్రెను బీడ్ కల్పించాడని కూడా నేను అనను. 1958లో జర్మనీలో కొలోన్ నగరానికి దగ్గరగా ఆస్త్రియహెనే అనే పేరుగల మాతృదేవతలకు మొక్కుబడిగా చెక్కించిన రోమన్ కాలపు శిలాఫలకాలు నూటయాభైకి పైగా బయటపడ్డాయి. ఆ పేరులోని ధాతువు, తూర్పు దిక్కును చెప్పే జర్మన్, ఇంగ్లీషు మాటల ధాతువు, గ్రీకుల ఎయోస్, లాటిన్ అరోరా, మన వేదంలోని ఉషస్సు, అన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. మీ మేనమామగారికి చెప్పండమ్మా, ఈస్టర్ అన్న మాటకు బబులోనులో చుట్టాలు లేరు గానీ, మనం తెల్లవారుజామును ఉషస్సు అన్నప్పుడల్లా ఆ మాట చెల్లెలినే పలుకుతున్నాం.

పండుగ మాత్రం ఆ పేరుకంటే చాలా పాతది. పస్కాను యూదుల నీసాను నెల 14వ నాడే చేయాలా, ఆ తరువాతి ఆదివారమే చేయాలా అని స్ముర్న పెద్ద పోలికార్ప్, రోము పెద్ద అనిసేటస్ 155 ప్రాంతంలోనే వాదించుకున్నారు. అందరూ ఒకే ఆదివారం చేయాలని 325లో నీకయలో కూడిన సంఘ పెద్దల సభ తీర్మానించింది. రోము పంపిన మిషనరీ అగస్టీన్ ఇంగ్లండులోని కెంట్ తీరంలో అడుగుపెట్టింది 597లో. నాలుగు వందల ఏళ్ళకు పైగా నడిచి వచ్చిన పండుగకు ఇంగ్లీషువారు తమ ఊరి నెల పేరు పెట్టుకున్నారంటే, పేరు అప్పు తెచ్చుకున్నారనాలి, పండుగను కాదు.

కొండగట్టు బాట

నేను జగిత్యాల వాడిని. క్రైస్తవం గురించి నాకు పెద్దగా తెలియదు, పంచాంగం మీద మాత్రం ఆసక్తి ఉంది. 2019లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 19న వచ్చింది. ఆ రోజు కొండగట్టులో చిన్న హనుమాన్ జయంతికి మాల వేసుకున్న స్వాములతో ఘాట్ రోడ్డు నిండిపోయింది, అదే రోజు శుభ శుక్రవారం కూడా. 2022లో ఏప్రిల్ 16న చైత్ర పౌర్ణమి, మరునాడే ఈస్టర్. ఈ ఏడు, 2026లో, ఏప్రిల్ 2న పౌర్ణమి, 5న ఈస్టర్. ఇది యాదృచ్ఛికం కాదని తెలుస్తూనే ఉంది, లెక్క ఎలా కడతారో ఎవరైనా చెప్పగలరా? 2024లో మాత్రం నా లెక్క తప్పింది. హోలీ పౌర్ణమి మార్చి 25న అయితే, మార్చి 31కే ఈస్టర్ వచ్చేసింది, ఉగాది కూడా కాలేదు.

పాత మట్టెవాడ

మీ లెక్క తప్పలేదు. సంఘం నియమం ప్రకారం మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే మొదటి పౌర్ణమి తరువాతి ఆదివారం ఈస్టర్. ఆ పౌర్ణమిని ఆకాశంలో చూసి కాక, పందొమ్మిదేళ్ళ చక్రం మీద కట్టిన పట్టికలు చూసి నిర్ణయిస్తారు. పందొమ్మిది సౌర సంవత్సరాలు 235 చాంద్రమాసాలకు దాదాపు సరిపోతాయి కాబట్టి ఆ చక్రం. అందువల్ల పండుగ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఎక్కడైనా పడవచ్చు. 1943లో ఏప్రిల్ 25న పడింది, మళ్ళీ 2038లో పడుతుంది. తూర్పు దేశాల ఆర్థోడాక్స్ సంఘాలు ఇప్పటికీ పాత జూలియన్ పంచాంగంతో లెక్క కడతాయి కాబట్టి, 2025 ఏప్రిల్ 20 వంటి కొన్ని ఏళ్ళలో తప్ప వారి పండుగ వేరే ఆదివారం వస్తుంది.

2024 సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది, అందువల్ల మరుసటి ఉగాది ఏప్రిల్ 9కి జరిగింది. యూదులు కూడా మనవలెనే చాంద్రమాసాలను సూర్యుడితో సరిచూస్తారు, పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అదారు అనే నెలను రెండుసార్లు లెక్కిస్తారు. 2024లో వారికీ ఆ అధిక మాసం పడింది. ఫలితంగా వారి పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలైతే, మన చైత్ర పౌర్ణమి 23న వచ్చింది. క్రైస్తవుల ఈస్టర్ ఒక్కటే నెల ముందుగా వెళ్ళిపోయింది. పస్కా నుంచి పుట్టిన పండుగ ఆ ఏడు పస్కాకు దూరంగా, పస్కా మన హనుమాన్ జయంతికి దగ్గరగా జరిగాయి.

పరకాల కోళ్ళఫారం

గుడ్డు గురించి ఇంతమంది పెద్దలు మాట్లాడుతున్నారు, కోళ్ళు పెంచేవాడిగా నేనొక మాట చెప్పవచ్చా?

కోడి గుడ్డు పెట్టాలంటే మేతతో పాటు వెలుతురు కావాలి. మా షెడ్డులో పెట్టకోళ్ళకు రోజుకు పదహారు గంటల వెలుగు అందేటట్టు తెల్లవారక ముందు నాలుగింటికే బల్బులు వేస్తాము. కరెంటు పోయి నాలుగు రోజులు బల్బులు వెలగకపోతే ట్రేలు లెక్కపెట్టేటప్పుడు తేడా కనబడుతుంది. మన వరంగల్ వైపు చలికాలంలో కూడా పగలు పదకొండు గంటల వరకు ఉంటుంది, అందుకే మన నాటుకోళ్ళకు కాలభేదం అంతగా తెలియదు. మా తమ్ముడు లండన్‌లో ఉంటాడు. డిసెంబరులో అక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదని, మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతుందని చెబుతాడు. బల్బులు లేని కాలంలో ఆ దేశాల్లో కోళ్ళు చలికాలమంతా గుడ్లు మానేసి, పొద్దు పెరిగే కొద్దీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మళ్ళీ అందుకునేవి. అంటే వారికి గుడ్డు మనకు మామిడికాయ వంటిది, దానికొక కాలం ఉంది.

ఇక ఆ కాలంలోనే, ఈస్టర్‌కు ముందు ఉపవాసమని నలభై రోజులు గుడ్డు తినకూడదని నియమం పెడితే ఏమవుతుంది? కోడికి ఉపవాసం సంగతి తెలియదు, పెడుతూనే ఉంటుంది. కొన్నిటిని పొదిగేస్తారు, మిగిలినవి గంపల్లో పేరుకుపోతాయి. కడగని గుడ్డు చలిదేశంలో నెల దాటినా చెడదు, మన మార్చి ఎండల్లో అయితే బయట పెట్టిన గుడ్డును పది రోజులు నమ్మలేము. పండుగ నాటికి ఇంటింటా గుట్టలుగా గుడ్లు ఉంటే పంచుతారు, ఉడకబెడతారు, రంగులు వేస్తారు, పిల్లలకు ఆటవస్తువులుగా ఇస్తారు. దీనికి దేవత ఎందుకు? నాకైతే గంపలు చాలు.

పాత మట్టెవాడ

పరకాల కోళ్ళఫారం గారు రాసినదానికి నేను తేదీలు జోడిస్తాను, అంతకంటే చేయగలిగింది లేదు. 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభ ఈ ఉపవాస కాలంలో గుడ్లు, జున్ను తినరాదని 56వ నియమంగా రాసింది. పడమటి దేశాల్లో కూడా మధ్యయుగమంతా మాంసం, పాలు, గుడ్లు నిషిద్ధమే. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు ఇంటి ఖర్చుల పద్దులో 1290 ఈస్టర్‌కు 450 గుడ్లకు 18 పెన్నీలు రాసి ఉంది. వాటికి రంగులూ బంగారు రేకులూ వేయించి పరివారానికి పంచాడు. పెన్నీకి ఇరవై అయిదు గుడ్లు పడ్డాయన్నమాట, ఈ ధర చూసి మా పరకాల మిత్రుడు కన్నీళ్ళు పెట్టుకోకూడదు. 1614లో పోప్ అయిదవ పౌలు వెలువరించిన కర్మకాండ గ్రంథంలో ఈస్టర్ గుడ్లను ఆశీర్వదించే ప్రార్థన కూడా ఉంది.

గుడ్డు పెంకు సమాధి, అందులోంచి వచ్చే పిల్ల పునరుత్థానం, గ్రీకులు పెద్ద గురువారం నాడు వేసే ఎరుపు రంగు క్రీస్తు రక్తం అని చెప్పే అర్థాలు అందమైనవే. అయితే అవి పేరుకుపోయిన గుడ్డుకు తరువాత తొడిగిన అర్థాలని నా అభిప్రాయం. బతుకమ్మకు తంగేడు పూలే ఎందుకని అడిగితే పదిమంది పది కథలు చెబుతారు. అసలు సంగతి ఆ నెలలో చెలకలో తంగేడు, గునుగు తప్ప మరేవీ అంత విరివిగా దొరకవు. దొరికినదాన్ని దేవుడి ముందు పెట్టిన తరువాతే కథ పుడుతుంది. అమ్మా, ఒక మాట అడుగుతాను: మీ అత్తగారు ఈ నలభై రోజులు ఇంట్లో నీసు వండుతారా?

హనుమకొండ చదువరి

వండరు సార్. గుడ్డు కూడా నీసులోనే లెక్క. అమ్మాయికి బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇస్తారు, అది తిన్నానని వచ్చి చెబితే మా అత్తమ్మ విననట్టు ఊరుకుంటుంది. పండుగనాడు మాత్రం చర్చి నుంచి వచ్చేసరికి పొటేలు కూర పొయ్యి మీద ఉడుకుతూ ఉంటుంది.

పాత మట్టెవాడ

అయితే ఈస్టర్ గుడ్డుకు కారణమైన నియమం మీ ఇంట్లో ఉంది, గుడ్డు మాత్రం లేదు. మనకు గుడ్డు ఏడాది పొడవునా దొరుకుతుంది కాబట్టి నలభై రోజుల తరువాత అది అపురూపం కాలేదు, ఆ స్థానంలో పొటేలు వచ్చి కూర్చుంది. యూదుల పస్కాకు గొర్రెపిల్లను కోయడం నిర్గమకాండం 12వ అధ్యాయంలో ఉంది కాబట్టి, ఆ మాటకొస్తే మీ అత్తగారి కూరే గుడ్డుకంటే పాత ఆచారం.

ఖని కార్మికుడు

గుడ్డు విషయంలో నేను ఓడిపోయాను, కుందేలు విషయంలో ఓడిపోను. కుందేలు గుడ్డు పెట్టదు కదా. అది ఆ దేవత వాహనం కాకపోతే ఎక్కడి నుంచి ఊడిపడింది?

పాత మట్టెవాడ

జర్మనీ నుంచి, అదీ 17వ శతాబ్దంలో. గేయోర్గ్ ఫ్రాంక్ ఫన్ ఫ్రాంకెనౌ అనే వైద్యుడు 1682లో ఈస్టర్ గుడ్ల మీద లాటిన్‌లో ఒక వ్యాసం రాశాడు. గుడ్లు అతిగా తింటే వచ్చే కడుపుబాధలు ఆయన చింత. ఆ సందర్భంలో అల్సాస్ చుట్టుపక్కల పెద్దవాళ్ళు పిల్లలతో సరదాగా, ఈస్టర్ కుందేలు గడ్డిలో గుడ్లు పెట్టి దాచిపోతుందని చెబుతారని రాశాడు. అక్కడి నుంచి జర్మన్ వలసదారులతో 18వ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాకు చేరింది. ఒక పక్షిని దేవత కుందేలుగా మార్చిందనే కథ మాత్రం 1874లో అడోల్ఫ్ హోల్ట్స్‌మన్ అనే జర్మన్ పండితుడు, ఆ కుందేలు ఒకప్పుడు పక్షి అయి ఉండాలి అని వేసిన ఊహ నుంచి పెరిగింది. ప్రాచీన గాథగా మనకు చేరే ఆ కథ వయస్సు వరంగల్‌కు రైలు వచ్చిన వయస్సుకంటే పెద్ద ఎక్కువేమీ కాదు.

ఇక చాక్లెట్ గుడ్డు సంగతి ఎవరో అడిగేలోపే చెబుతాను. బ్రిస్టల్‌లోని ఫ్రై కంపెనీ 1873లో, క్యాడ్‌బరీ 1875లో అమ్మకం మొదలుపెట్టాయి. అది వ్యాపారం, దాని పుట్టుకకు పురాణం అక్కరలేదు.

కాజీపేట జంక్షన్

చదువరి గారు అడిగిన మూడింటిలో మట్టల సంగతి నేను చెబుతాను. మేము ఫాతిమానగర్ విచారణకు, అంటే అక్కడి గుడి కింది సంఘానికి, చెందిన కేథలికులం. యేసు యెరూషలేములోకి వచ్చిన రోజుగా ఈస్టర్‌కు ముందు ఆదివారం చేసేదాన్ని మీరు మట్టల ఆదివారం అంటారు, మేము మ్రానికొమ్మల ఆదివారం అంటాము.

380ల నాటి ఎగేరియా అనే యాత్రికురాలు యెరూషలేములో తాను చూసిన పవిత్ర వారాన్ని రోజువారీగా రాసిపెట్టింది. ఆ ఆదివారం సాయంత్రం ఒలీవ కొండ మీద నుంచి జనమంతా పాటలు పాడుతూ దిగి వచ్చేవారనీ, చంటిపిల్లలను కూడా ఎత్తుకొని, పిల్లలందరి చేతుల్లో ఖర్జూరపు మట్టలో ఒలీవ కొమ్మలో ఉండేవనీ ఆమె రాసింది. ఇప్పుడు మా గుడి చుట్టూ మేము చేసే ప్రదక్షిణకు మూలం ఆ ఊరేగింపే.

యూరపు చలిదేశాల్లో ఖర్జూరం దొరకదు కాబట్టి పోలండు, రష్యాల్లో విల్లో కొమ్మలు, ఇంగ్లండులో యూ చెట్టు కొమ్మలు పట్టుకునేవారు. మాకు మిషను తెచ్చినవారు ఇటలీ గురువులు, వరంగల్ మేత్రాసనం (బిషప్ కింది ప్రాంతం) 1952లో ఏర్పడింది. అయినా మట్టల విషయంలో వారికంటే మనమే యెరూషలేముకు దగ్గర. యోహాను సువార్తలో ఉన్నది ఖర్జూరపు మట్టలు. మన ఈతచెట్టు, ఖర్జూరం చెట్టు వృక్షశాస్త్రం ప్రకారం ఒకే ప్రజాతిలోని వేర్వేరు జాతులు, అన్నదమ్ముల పిల్లలు. ధర్మసాగరం దారిలో మాకు ఏటా మట్టలు కోసి ఇచ్చే గౌడన్న ఉన్నాడు. శనివారం పొద్దున కల్లు దించాక అదే మోకుతో మళ్ళీ ఎక్కి అడుగు మట్టలు నరుకుతాడు. లేతవి తెల్లగా అందంగా ఉంటాయని పిల్లలు మొవ్వు దగ్గరివి అడిగితే, మొవ్వు ముడితే చెట్టు చచ్చిపోతది, మీ దేవుడు నా కడుపు కొట్టుమన్నాడా అంటాడు. మట్ట మొదట్లో ముళ్ళుంటాయి, వాటిని కత్తితో గీకి ఇస్తాడు, అయినా పోయిన ఏడు మా చిన్నవాడి అరచేతిలో ఒకటి దిగింది.

ఆ మట్టలను ఇంట్లో సిలువ పటం వెనుక దోపి ఏడాదంతా ఉంచుతాము. మరుసటి ఏడు ఉపవాస దినాలు మొదలయ్యే విభూది బుధవారానికి ముందు గురువుగారు వాటిని పోగుచేయించి కాల్చి, ఆ బూడిదతోనే నుదుటి మీద సిలువ గుర్తు వేస్తారు.

డోర్నకల్ లైన్

ఏడు మాటల సంగతి నాకు వదలండి. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం, మా నాన్న రైల్వేలో చేసేవాడు.

శుభ శుక్రవారం పన్నెండింటి నుంచి మూడింటి వరకు సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలను ఏడుగురు ప్రసంగిస్తారు. ఇది బైబిలు కాలం నుంచి వస్తున్నదనే నేను అనుకునేవాడిని. ఇరవై ఏళ్ళప్పుడు నాకు మొదటిసారి అయిదో మాట ఇచ్చారు: దప్పిగొనుచున్నాను. రేకుల కప్పు కింద, ఏప్రిల్ ఎండలో, రెండు గంటలు ఉపవాసంతో కూర్చుని లేచేసరికి నాలుక పిడచకట్టుకుపోయి, ఆ ఒక్క మాట చదివి కాసేపు నిలబడిపోయాను. జనం అది భక్తి అనుకున్నారు.

తరువాత చదివి తెలుసుకున్నదేమిటంటే, ఈ మూడు గంటల ఆరాధన దక్షిణ అమెరికాలో పెరూ దేశపు లిమా నగరంలో పుట్టింది. మొదలుపెట్టినవాడు అలోన్సో మెసియా అనే జెస్యూట్ (ఒక కేథలిక్ సన్యాస సభ) గురువు, ఆయన 1732లో చనిపోయాడు. అక్కడి నుంచి స్పెయిన్‌కు పాకింది. కాదిస్ నగరంలో జరిగే ఆరాధన కోసమే హైడెన్ అనే ఆస్ట్రియా సంగీతకారుడు 1786లో ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వాద్యరచన కట్టాడు. 1788లో రోముకు, 19వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండు ఆంగ్లికన్లకు చేరింది. మా సంఘాలకు వచ్చిన దారి అది. ఇప్పుడు కేథలిక్ పండుగలంటే గిట్టని సంఘాలు కూడా హనుమకొండలో, కరీంనగర్‌లో ఏడు మాటల పోస్టర్లు గోడలకు వేస్తున్నాయి. జెస్యూట్ గురువు కట్టిన ఆరాధన అని చెబితే ఎంతమంది నమ్ముతారో!

అరువు తెచ్చుకోవడం తప్పని నేను అనను. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించి 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కేథడ్రల్ చూడండి. గుడి మండపాల వంటి స్తంభాలు, మసీదు వంటి గుమ్మటాలు ఉంటాయి. ఆయన ఎవరికీ తెలియకుండా దొంగిలించలేదు, ఈ నేల మీది రూపాలు కావాలని కోరి పెట్టించాడు.

సమాధుల దగ్గరి ప్రార్థనకు జర్మనీ సాక్సొనీలోని హెర్న్‌హూట్ ఊరు గుర్తుకొస్తుంది. 1732 ఈస్టర్ నాడు తెల్లవారక ముందే మొరేవియన్ సంఘపు యువకులు తమ శ్మశానం ఉన్న గుట్టపైకి వెళ్ళి పాటలు పాడారు, తరువాత ఆ సంఘం మిషనరీలు వెళ్ళిన చోటల్లా అది పాకింది. ఇంకా చీకటిగా ఉండగానే మగ్దలేనే మరియ సమాధి దగ్గరికి వచ్చిందని యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది కదా, దానిని అనుసరించడమే.

ఖని కార్మికుడు

ఇక్కడ మాత్రం నేను ఊరుకోను. సమాధికి సున్నం వేయడం, బంతిపూలు చల్లడం, అగరుబత్తులు, చనిపోయినవారికి ఇష్టమైన తిండి తెచ్చి పెట్టడం, ఇవన్నీ హెర్న్‌హూట్‌లో చేశారా? మా అమ్మమ్మ పెత్రమాసకు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి, వాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టేది. మతం మారినవాళ్ళు పెత్రమాసను వదిలి ఈస్టర్ తెల్లవారుజామును పట్టుకున్నారని అంటాను. ఇది జర్మనీది కాదు, మనది.

కాజీపేట జంక్షన్

మేము సమాధుల దగ్గరికి వెళ్ళేది నవంబరు 2న, చనిపోయినవారందరినీ తలుచుకునే రోజున. ఈస్టర్‌కు మాకు ముఖ్యమైనది శనివారం రాత్రి జాగరణ, చీకటిలో కొత్త నిప్పు రాజేసి పాస్కా వత్తి అనే పెద్ద కొవ్వొత్తిని వెలిగించడం. కాబట్టి ఒకే ఊరిలో రెండు సంఘాలు రెండు వేర్వేరు నెలల్లో అదే బంతిపూలు కొంటున్నాయి. ఖని అన్న మాటలో కొంత నిజం ఉందనిపిస్తోంది.

పాత మట్టెవాడ

నాకు కూడా అనిపిస్తోంది, కానీ జాగ్రత్తగా ఒప్పుకుంటాను. పోలిక వేరు, వంశం వేరు. ఒకటి ఇంకొకదాని నుంచి పుట్టిందనాలంటే మధ్యలో ఒక కాగితమైనా ఉండాలి, చూసి చెప్పిన మనిషైనా ఉండాలి. ఇష్తార్‌కు ఆ రెండూ లేవని తోసేసినవాడిని, నా ఊరి ఆచారం దగ్గరికి వచ్చేసరికి కొలత మార్చలేను. తెల్లవారుజాము అనే వేళ సువార్త నుంచి వచ్చింది, అందులో సందేహం లేదు. పెత్రమాస భాద్రపద అమావాస్య, ఈస్టర్ వసంత పౌర్ణమి దాటిన ఆదివారం, కాబట్టి తిథి పెత్రమాసది కాదు. సున్నం, బంతిపూలు, తిండి మాత్రం ఏ మిషనరీ నేర్పవలసిన అవసరం లేనివి. 1879లో అమెరికా బాప్టిస్టు మిషను హనుమకొండకు వచ్చేటప్పటికే మన ఇళ్ళలో పెద్దలను తలుచుకునే తీరు అది. ఖని కార్మికుడు గారూ, మీ అమ్మమ్మ వంటి పెద్దలు, మతం మారిన మొదటి తరాన్ని చూసినవారు, ఎవరైనా ఉంటే వారి మాటలు రాసుకోండి. అది జరిగితే మీ వాదానికి నా దగ్గర లేని సాక్ష్యం మీ దగ్గర ఉంటుంది.

ఖని కార్మికుడు

మా వీధిలో ఎనభై తొమ్మిదేళ్ళ అవ్వ ఒకరు ఉన్నారు, తండ్రితో పాటు చిన్నప్పుడే సంఘంలో కలిసినవారు. ఆదివారం వెళ్ళి అడుగుతాను.

హనుమకొండ చదువరి

అందరికీ కృతజ్ఞతలు. చార్టు పూర్తయింది. మధ్యలో ఈతమట్ట బొమ్మ వేసి, దానికి ఒకవైపు యెరూషలేము, ఇంకొకవైపు ధర్మసాగరం అని రాసింది. కుందేలును ఒక మూలన చిన్నగా గీసి 1682 అని తేదీ వేసింది. గుడ్డు కోసం నిన్న సాయంత్రం ఉల్లిగడ్డ పొట్టు గిన్నెడు నీళ్ళలో మరిగించి, ఒక చెంచా వెనిగర్ పోసి, నాలుగు తెల్లగుడ్లు వేసి ఉడికించాము. మూడు ఇటుకరంగుకు వచ్చాయి, ఒకటి పగిలింది. పొట్టు అంటుకున్నచోట ఆకు ఈనెల్లాంటి గీతలు పడ్డాయి. ఉపవాస దినాల్లో ఇంట్లో గుడ్డు ఉడికిందని మా అత్తమ్మ వంటింటి గుమ్మం దాటి రాలేదు గానీ, చల్లారాక ఒకదాన్ని చేతిలోకి తీసుకొని దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది. తరువాత పండుగ రోజుకు ఇంకొక పన్నెండు చేయగలవా అని మనవరాలిని అడిగింది.

లిమా నగరం సంగతి కుటుంబ గ్రూపులో పెట్టాను. మేనమామ ఇంకా ఏమీ రాయలేదు. మా మామగారు మాత్రం, ఈ ఏడు తనకు ఇచ్చింది నాలుగో మాట అనీ, ఆ హైడెన్ వాయిద్యం ఫోనులో వినిపించగలవా అనీ అడిగారు.

పరకాల కోళ్ళఫారం

అమ్మా, పన్నెండు చేసేటట్టయితే ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లను వెంటనే వేడినీళ్ళలో వేయకండి, ఆ పగిలినది అందుకే పగిలి ఉంటుంది. గంటసేపు బయట ఉంచి, చల్లనీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టండి. నాటుకోడి గుడ్డుకు పెంకు ముందే గోధుమరంగులో ఉంటుంది కాబట్టి అదే రంగు రాదు, ఫారం తెల్లగుడ్డే తీసుకోండి.